తిరిగి కొట్టనిది

ధ్యాన భాగం: 1 పేతురు 2:18-25

గుంత దాటిపోయాక కూడా కారు వెనకభాగం ఊగుతూనే ఉందంటే షాక్ అబ్జార్బర్లు అరిగిపోయాయన్నమాట. డిక్కీ దగ్గర బరువంతా వేసి నొక్కి, ఒక్కసారిగా వదిలి చూడండి. షాకులు బాగుంటే కారు ఒకసారి పైకి లేచి కుదుటపడుతుంది. అరిగిపోతే రెండు మూడు సార్లు ఊగుతుంది. కిందికి వంగి చూస్తే గొట్టం మీద నూనె కారి, దానికి దుమ్ము పట్టి నల్లగా కనిపిస్తుంది. టైరు మీద అరచెయ్యి ఆనించి నిమిరితే అక్కడక్కడా ఎత్తుపల్లాలు తగులుతాయి. ఇదంతా నెలల తరబడి కొద్దికొద్దిగా జరిగినదే. రోజూ నడిపేవాడికి ఆ ఊగుడు అలవాటైపోయి తెలియదు. ఎప్పుడో ఒకసారి వెనకసీట్లో కూర్చున్న చుట్టానికి వెంటనే తెలుస్తుంది. మన ఓర్పు తరిగిపోవడం కూడా మనకంటే ముందు ఇంట్లో పిల్లలకే తెలుస్తుంది.

కారు బరువు మోసేది స్ప్రింగు. ఎంత నొక్కితే దాదాపు అంతా తిరిగి ఇచ్చెయ్యడం దాని గుణం. దాన్ని దాని మానాన వదిలేస్తే ఒక్క గుంతకి కారు చాలాసేపు పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. ఆ ఊపుని ఆపడానికే షాక్‌ని పెట్టారు. దాని లోపల నూనె, ఆ నూనెలో సన్నటి దారులున్న పిస్టన్ ఉంటాయి. కారు ఊగిన ప్రతిసారీ నూనె ఆ ఇరుకు దారుల్లోంచి బలవంతంగా దూరాలి. అలా దూరేటప్పుడు ఊపు కాస్తా వేడిగా మారుతుంది. ఆ వేడి గొట్టం గోడలోంచి బయటి గాలిలో కలిసిపోతుంది. గతుకుల రోడ్డు మీద చాలాసేపు పోయాక షాక్ వేడెక్కి ఉండేది అందుకే. తగిలిన దెబ్బని అది తిరిగి కొట్టదు, తనలోనే ముగిస్తుంది.

పేతురు ఈ మాటలు రాసింది చిన్న ఆసియాలో చెదిరి ఉన్న విశ్వాసులకి. ఈ భాగంలో ఆయన ముఖ్యంగా కఠినులైన యజమానుల చేతికింద పనిచేసే సేవకులతో మాట్లాడుతున్నాడు. యేసుని చూడమంటాడు. తిట్టినవాళ్ళని ఆయన తిరిగి తిట్టలేదు, హింసపడుతూ కూడా ఎవరినీ బెదిరించలేదు. మనం సాధారణంగా అక్కడే ఆగిపోతాం. వాక్యం ఇంకో అడుగు వేస్తుంది: న్యాయం తప్పని దేవుని చేతిలో ఆయన తన సంగతంతా పెట్టాడు. నాకు ఈ చివరి మాటే ప్రాణం. ఆయన బాధని దిగమింగి ఊరుకోలేదు. దాన్ని ఎవరికి అప్పగించాలో ఆయనకి తెలుసు. వేడి బయటికి పోయే దారి లేకపోతే షాక్‌లో నూనె పలచబడి, ఊపుని ఆపే బలం తగ్గిపోతుంది. దేవుని ముందు ఏడవని ఓర్పు కూడా అలాగే నీరసించి, ఒకరోజు ఎవరిమీదో విరుచుకుపడుతుంది.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. విరిగిపోయిన స్ప్రింగు పని షాక్ చెయ్యలేదు, బరువు మొయ్యడం దాని పని కాదు. మన ఇళ్ళల్లో ఓర్పుగల కోడలో, మాట పెగలని పెద్దకొడుకో ఒకరుంటారు. వాళ్ళు సర్దుకుపోతారు కదా అని ఇంటి బరువంతా వాళ్ళమీదే మోపి, పైగా ఈ వాక్యాన్నే చూపించి ఓర్చుకోమంటాం. దెబ్బలు తింటున్న మనిషిని ఆ ఇంట్లోనే ఉండిపొమ్మని చెప్పడానికి పేతురు మాటల్ని వాడుకోవడం పాపం.

ఇక పని సంగతి. ముందువైపు చాలా కార్లలో స్ప్రింగూ షాకూ కలిసే ఉంటాయి. బిగిసి ఉన్న ఆ స్ప్రింగు ప్రమాదం, దాన్ని మెకానిక్‌కే వదిలెయ్యాలి. చాలా చిన్న కార్లకి వెనక రెండూ వేరువేరుగా ఉంటాయి, అలాంటివాటికి షాకులు ఇంట్లోనే మార్చుకోవచ్చు. తుప్పు పట్టిన బోల్టులకి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. చదునైన చోట ముందు చక్రాలకి అడ్డుపెట్టి, కారు ఎత్తి, స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకూడదు. ఇరుసు కిందికి జారి బ్రేకు గొట్టాన్ని లాగెయ్యకుండా దాని కింద ఇంకో జాకీ ఆనించి, ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు విప్పాలి. పై నట్టు తిప్పుతుంటే కడ్డీ కూడా దానితోపాటే తిరిగిపోతుంది కాబట్టి ఇంకో పానాతో దాన్ని పట్టుకోవాలి. ఒకటే కారుతున్నా రెండూ మార్చాలి. ఒకవైపు కొత్తది, ఒకవైపు అరిగినది ఉంటే మలుపులో కారు రెండువైపులా ఒకేలా నిలవదు. భార్యాభర్తల్లో ఒకరే ప్రార్థించి ఒకరే మారాలని ఎదురుచూసే ఇళ్ళు నాకు ఇక్కడ గుర్తుకొస్తాయి.

కింది బోల్టు విషయంలో తొందర పనికిరాదు. కారు గాలిలో ఉండగా వేళ్ళకి అందినంత బిగించి ఆపాలి. చక్రాలు నేలకి ఆనించి, బరువు పూర్తిగా పడ్డాక చివరి బిగింపు. గాల్లో ఉండగానే బిగించేస్తే లోపలి రబ్బరు బుష్ మెలితిరిగి, త్వరగా చిరిగిపోతుంది. ఓర్పుగా ఉండాలని తెల్లవారుజామున మోకాళ్ళమీద చేసే తీర్మానం అవసరమే. దాని చివరి బిగింపు మాత్రం ఎనిమిదింటికి పడుతుంది, బడి బస్సు హారన్ కొడుతుంటే పిల్లాడికి రెండో బూటు దొరకనప్పుడు.

ప్రార్థన: ప్రభువా, ఈ రోజు మాకు తగిలే మాటలు మాతోనే ఆగిపోవాలి, పిల్లల దాకా పోకూడదు. వాటి వేడిని నీ దగ్గరికి తెచ్చుకోనివ్వు. మా ఇంట్లో ఎవరి ఓర్పు మీద మేమందరం వాలి ఉన్నామో వాళ్ళని చూపించు. మా వంతు బరువు మేం ఎత్తుకుంటాం. ఆమేన్.