బాసికం కట్టే చేతులు

పెళ్ళింట్లో అందరి కళ్ళూ పెళ్ళికూతురి తలమీదే ఉంటాయి. పాపిటకి అటు సూర్యుడు, ఇటు చంద్రుడు, నుదుట బాసికం, వెనక్కి తిరిగితే నడుం దాటిన పూలజడ. "ఎక్కడ చేయించారండీ?" అన్న ప్రశ్న భోజనాల దగ్గర తప్పకుండా వినబడుతుంది. "ఎవరు చేశారండీ?" అని అడిగినవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు. నేనూ అడగలేదనుకోండి.

మా రాజమండ్రిలో, మా వెనక వీధిలో ఒకావిడ ఉంది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అక్కయ్యగారూ అని పిలుస్తాను. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మల్లెమొగ్గలు ఈనెపుల్లలకి గుచ్చి వీధిలో ఆడపిల్లలందరికీ జడలు కుట్టిన మనిషి. కడియం పక్కనే గనక మాకు పూలకి కరువు లేదు. 36వ ఏట భర్త పోయాడు. ఇద్దరు పిల్లలు. చీరలకి ఫాల్సు కుట్టింది, జాకెట్లకి హుక్సులు కుట్టింది. ఆ డబ్బు చాలక ఓ రోజు పెట్టెలోంచి తన పెళ్ళినాటి బాసికం తీసి, ఎలా కట్టారో చూద్దామని ఒక్కొక్క దారమే విప్పిందట. ఏడ్చారా అని అడిగానోసారి. "ఏడిస్తే దారం కనబడదుగా!" అంది.

మొదట్లో అట్టమీద ముత్యాలు జిగురుతో అతికించేది. ఒక పెళ్ళిలో హోమం సెగకీ చెమటకీ జిగురు వదిలి, మధుపర్కాల మీద ముత్యాలు జలజలా రాలాయిట. డబ్బు వెనక్కిచ్చేసింది. అప్పట్నించీ ప్రతి పూసా సూదితో కుట్టడమే. బందరు దగ్గర చిలకలపూడి నించి బంగారు పూత బిళ్ళలు తెప్పించడం, తాడు చెవుల దగ్గర ఒరుసుకోకుండా లోపల మల్లుగుడ్డ పెట్టడం, ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. జీలకర్ర బెల్లం పెట్టేది నడినెత్తిన కదా, అక్కడ చోటు వదలకుండా రాగిడి పెడితే పెళ్ళికొడుకు చేతికి పిల్ల తల బదులు బిళ్ళ తగుల్తుందిట. ఇన్ని పెళ్ళిళ్ళు చూశాను, నాకెప్పుడూ తట్టలేదు. "నగ చూసుకుంటే చాలదమ్మా, ఆ పిల్ల ఎన్నిసార్లు తల వంచాలో లెక్క వేసుకోవాలి" అంటుంది.

మా పెద్దమ్మాయి పెళ్ళికీ బాసికాలూ పూలజడా ఆవిడే చేసింది. రాత్రంతా కూర్చుని కుట్టి తెల్లవారుజామున తెచ్చింది. అమ్మాయి నుదుటిమీద పెట్టి సరిచూడబోయేసరికి మా పెద్దాడపడుచుగారు, "అక్కడ పెట్టేయండమ్మా, ఎవరైనా ముత్తయిదువ కడుతుందిలెండి" అన్నారు. కసిరినట్టు కాదు, మెత్తగానే అన్నారు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను కాఫీ గ్లాసులు లెక్కపెడుతున్నట్టు నటించాను.

చెప్పొద్దూ, అప్పట్నించీ నాకో సందేహం. రాత్రంతా ఆ చేతుల్లో ఉన్న పూలు శుభం. తెల్లారి అవే చేతులు పిల్లని ముట్టుకుంటే అశుభం. మధ్యలో ఏం మారింది? ఈ ఊళ్ళోనే 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ సంగతి మా ఇంట్లో పిల్లలందరూ పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే, నాతో సహా.

"పెళ్ళిలో గొడవెందుకు, పెద్దావిడ మనసు కష్టపెట్టుకోదూ?" అన్నారు మావారు. నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. ఒకరి మనసు నొప్పించకూడదనే ఊరుకున్నానని. నొచ్చిన మనసు ఇంకొకటి అక్కడే ఉంది. డబ్బిచ్చి పంపాం గనక అది లెక్కలోకి రాలేదు. కూలి ముట్టిందంటే మర్యాద కూడా ముట్టినట్టేనని ఎవరు చెప్పారో మనకి! పైగా నేను ఆ రోజు రెండొందలు ఎక్కువిచ్చాను. మర్నాడు పిల్లవాడిచేత తిప్పి పంపింది. అదీ నాకు కోపమే తెప్పించింది అప్పుడు, సిగ్గు తర్వాతెప్పుడో వచ్చింది.

వచ్చే మాఘంలో మా రెండో అమ్మాయి పెళ్ళి. నిన్న ఆవిడింటికి వెళ్ళి, "ఈసారి బాసికం మీరే కట్టాలి అక్కయ్యగారూ" అన్నాను. ఏదో వరం ఇచ్చినట్టుగా అన్నానేమో కూడా.

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, "మీ ఆడపడుచుగారు వస్తారుగా?" అంది.

"వస్తారు."

"అయితే ముందు ఆవిడతో మాట్లాడి రండి. పీటల దగ్గర కాదు, ఇప్పుడే."

పొద్దుట్నించీ ఫోను పట్టుకు కూర్చున్నాను. "వదినగారూ" అన్న తర్వాత ఏమనాలో ఇంకా కుదరలేదు.