ముఖం యెవరిది?

మనిషి తన చేతులు తాను చూచుకోగలడు, పాదాలు చూచుకోగలడు. ముఖం మాత్రం చూచుకోలేడు. అద్దమో నీళ్లో ఫొటోనో వుంటే తప్ప తన ముఖం తనకు కనిపించదు. యెదుటివాళ్లకు మాత్రం అన్నిటికంటే ముందు కనిపించేది అదే. తనకు కనపడకుండా లోకానికంతా కనపడే యీ వస్తువు యెవరి సొత్తు? మోసేవాడిదా, చూచేవాళ్లదా? దాన్ని మార్చుకోవాలనుకుంటే యెవరి అనుమతి కావాలి? మార్చుకున్న తర్వాత దానికి అలవాటు పడవలసింది యెవరు?

యీ ప్రశ్నలకు మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా వున్నాయి. "అందం ఆత్మలో వుంది, శరీరం అశాశ్వతం" అనేది మొదటిది, అది వేదాంతులది. "అందచందాల కొలతలు యీ సమాజం పెట్టినవి, మార్చవలసింది సమాజాన్ని గాని ముఖాన్ని కాదు" అనేది రెండవది, అది మనబోటి అభ్యుదయవాదులది. యీ రెండూ ఒకదానికొకటి విరుద్ధమని మనం అనుకుంటాం. కాని వీటికి ఒక పోలిక వుంది. తమ ముఖం వల్ల యేనాడూ యే యిబ్బందీ పడనివాళ్లు, పడ్డవాళ్లకు చెప్పే మాటలే రెండూను. నేను రెండవ జవాబు చెప్పినవాణ్ణి. చెప్పింది నా మేనకోడలికి. ఆ జవాబులో తప్పు యెక్కడుందో తేల్చుకోవటమే యీ వ్యాసం వుద్దేశం.

ఆ అమ్మాయిది ఉదయగిరి. చదువుకోసం ఆత్మకూరులో మా యింట్లో వున్నది. కింది దవడ పై దవడకంటే ముందుకు పెరిగి, కొంచెం యెడమవైపుకు తిరిగి వుండేది. చనిపోయిన తండ్రి పోలిక అది. ముందుపళ్లు ఒకదానితో ఒకటి కలిసేవి కావు. జామకాయ కొరకలేదు, చెరుకు చీల్చలేదు. సజ్జరొట్టె చిన్నముక్కలుగా తుంచి వెనకపళ్ల కిందికి తోసుకుని నమిలేది. 'స', 'ఫ' పలికేటప్పుడు గాలి జారిపోయేది. బడిలో "వంకరమూతి" అన్నారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు యేమీ అనకుండా కాఫీ తాగి వెళ్లిపోయారు. నవ్వినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవటం ఆమెకు యే వయస్సులో అలవాటయిందో మా యింట్లో యెవరికీ గుర్తులేదు. అంటే, యెవరమూ గమనించలేదన్నమాట.

చదువు ముగించి, నెల్లూరులో వుద్యోగంలో చేరి, కొంత డబ్బు కూడబెట్టుకున్నాక, దవడకు ఆపరేషన్ చేయించుకుంటానని నాతో చెప్పింది. నేను వుపన్యాసం మొదలుపెట్టాను. పెళ్లిళ్ల సంత గురించి, ఆడదాన్ని సరుకుగా చూచే వ్యవస్థ గురించి, ముఖాలను తెల్లబరుస్తామని డబ్బు చేసుకునే కంపెనీల గురించి చెప్పాను. చెప్పిన ప్రతి మాటా నిజమే. ఆమె అంతా విని, "నువ్వు చెప్పేదంతా న్యాయమే మామా. అయితే ఆ కొట్లాటకు నా మూతే దొరికిందా?" అన్నది.

నాకు జవాబు తోచలేదు. తోచకపోవటానికి కారణం తర్వాత తెలిసింది. ఆ ఆపరేషన్ యేమిటో తెలుసుకోకుండానే నేను దాని మీద అభిప్రాయం చెప్పాను. దవడ వైద్యం సోకుగాళ్ల కోసం పుట్టింది కాదు. 1849లో హల్లిహెన్ అనే అమెరికన్ వైద్యుడు, చిన్నతనంలో కాలిన మచ్చ గుంజుకుపోయి వికారమైన ఒక యువతి కింది దవడను కోసి సరిచేశాడు. 1957లో ట్రౌనర్, ఓబ్‌వెగెసెర్ అనే ఇద్దరు ప్రకటించిన పద్ధతి ఆ వైద్యాన్నే మార్చివేసింది. బయట చర్మం మీద గాటు లేకుండా, నోటి లోపలినుంచే దవడయెముకను రెండు పక్కలా నిలువుగా రెండు పొరలు చేసి, కావలసినంత ముందుకో వెనక్కో జరిపి కలుపుతారు. వెనకటి రోజుల్లో యెముక అతికేదాకా, అంటే ఆరువారాల పాటు, పై పళ్లనూ కింది పళ్లనూ తీగలతో కలిపి బిగించేవారు. యిప్పుడు చిన్న టైటానియం పలకలూ మరలూ ఆ పని చాలావరకు చేస్తున్నాయి.

ఆపరేషన్‌కు ముందు యేడాది, యేడాదిన్నర పళ్లకు తీగలు కట్టి వరసకు తెస్తారు. వంకరదవడకు తగినట్టు యిన్నేళ్లుగా ఒదిగి వాలిన పళ్లు యీ కాలంలో నిటారుగా లేస్తాయి. దానివల్ల వంకర తగ్గకపోగా ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. బాగుపడటానికి ముందు మరింత అనాకారిగా కనబడటానికి ఒప్పుకోవాలన్నమాట. ఆ యేడాదిన్నర ఆమె ఆఫీసుకు వెళ్లింది, బస్సుల్లో తిరిగింది, పెళ్లిళ్లకు వచ్చింది. సోకుకోసం యింతపని యెవరూ చేయరని నాకు అప్పుడైనా తట్టి వుండవలసింది.

ఆపరేషన్ అయిన మూడోరోజున అద్దం అడిగి చూచుకున్నది. వాపు తారస్థాయిలో వుండేది ఆ రోజుల్లోనే. అద్దంలో పాత మనిషీ లేదు, కొత్త మనిషీ లేదు. వుబ్బిన ముఖమొకటి వున్నది. చాలావరకు వాపు కొన్ని వారాల్లో తగ్గింది గాని, పూర్తిగా దిగటానికి నెలలు పట్టింది. దవడయెముకలో గుండా పోయే నరం అదిరినందువల్ల కింది పెదవీ గడ్డమూ మొద్దుబారినాయి. అన్నం మెతుకు గడ్డానికి అంటుకున్నా తెలిసేది కాదు. నరం కొందరికి పూర్తిగా కోలుకుంటుంది, కొందరికి కొంత మొద్దుతనం వుండిపోతుంది. తనకు యేది రాసి వుందో తెలియకుండా ఆమె నెలల తరబడి వేలితో గడ్డం నొక్కి చూచుకునేది. జావ తాగే దశ దాటి మెత్తటి అన్నానికి వచ్చినప్పుడు వుక్కుచెంచా పళ్లకు తగిలి జివ్వుమనేది. అందుకని వాళ్ల అవ్వ ఉదయగిరి కర్రచెంచా ఒకటి పంపింది. అక్కడి ఆడవాళ్లు ఆకురాయితో నున్నగా రాసి, కాడమీద పూలూ చేపలూ చెక్కే చెంచా. నెల్లూరులో ఆమె తిన్న మొదటి మెతుకులు ఆ చెంచాతోనే.

కొంతకాలానికి ఆమె అవ్వను చూడటానికి ఉదయగిరి వెళ్తూ దారిలో ఆత్మకూరులో దిగింది. నేను బస్‌స్టాండులో యెదురుచూస్తున్నాను. బస్సులోనుంచి దిగిన ఒక అమ్మాయి నన్ను చూచి నిలబడింది. నా చూపు ఆమెను దాటి వెనక దిగేవాళ్ల మీదికి పోయింది. "మామా" అన్నతర్వాతగాని గుర్తుపట్టలేదు. సిగ్గుపడ్డాను. ఆమె నవ్వింది. చెయ్యి అలవాటుగా నోటిదాకా లేచి, మధ్యలో ఆగిపోయింది.

ఇద్దరం ఉదయగిరి వెళ్లాం. అవ్వకు చూపు తక్కువ. మనవరాలి గడ్డం రెండు చేతులతో తడిమి చూచి, "నా కొడుకు గడ్డం యాడ బెట్టొచ్చినావు తల్లీ?" అన్నది. అందరం కంగారుపడ్డాం. యిరుగుపొరుగు ఆడవాళ్లు సర్దిచెప్పబోయారు: "అట్టా అనబాకు అవ్వా, యిప్పటికి గదా పిల్లకు మనిషిరూపం వచ్చింది!" ఒకరి వెనక ఒకరు మెచ్చుకున్నారు. యిక సంబంధాలు వరసకడతాయన్నారు. ఆ రాత్రి అమ్మాయి యేడ్చింది. అవ్వ మాటకు నొచ్చుకున్నదేమోనని అడిగాను.

"అవ్వ నా పాతమూతిని వెతుక్కున్నది మామా. వీళ్లంతా అది పోయిందని పండగ చేసుకున్నారు. యిరవై యేళ్లు వీళ్ల మధ్యన తిరిగినానే, అప్పుడు నేను యేంది?"

సమస్య అంతా ఆ ప్రశ్నలో వున్నది. రూపం మారినవారిని చూచి, "యిక ఆమె కొత్తముఖానికి అలవాటు పడాలి" అంటాం. అది నిజమే, అద్దం ముందు ఆ పని కొంత వుంటుంది. దానికి కాలం చాలు. కాలం వల్ల తీరని కష్టం మరొకటి వుంది. నిన్నటిదాకా చూపు తిప్పుకున్నవాడు యివ్వాళ ఆగి పలకరిస్తాడు. ఆ పలకరింపులోని తియ్యదనమే, నిన్నటి మౌనం యెంత చేదో సాక్ష్యం చెబుతుంది. మెచ్చుకోలు కొత్తముఖానికి చేరుతుంది. అందులోని తీర్పు పాతముఖం మీద పడుతుంది. ఆ పాతముఖాన్ని మోసిన మనిషి యెక్కడికీ పోలేదు. అక్కడే నిలబడి అంతా వింటున్నది.

యీ గుట్టు మన పురాణకర్తలకు కూడా అంతుపట్టినట్టు లేదు. భారతంలో అష్టావక్రుడున్నాడు. తల్లి గర్భంలో వుండగానే తండ్రి తప్పు యెత్తిచూపినందుకు, తండ్రి శాపంవల్ల యెనిమిది వంకర్లతో పుట్టాడు. జనకుడి సభలో వందిని వాదంలో ఓడించి, ఆ తండ్రినే విడిపించాడు. విద్యకు రూపంతో పనిలేదని చెప్పటానికి యింతకంటే మంచి కథ వుండదు. కాని వ్యాసుడి కథ అక్కడ ఆగదు. గెలిచివచ్చిన కొడుకును తండ్రి సమంగానదిలో మునగమంటాడు; మునగగానే అవయవాలన్నీ చక్కబడతాయి. వంచినవాడే నిలబెట్టాడు. వంచినందుకు మాత్రం ఒక్క మాట అనలేదు. భాగవతంలో కుబ్జ వుంది. మథుర వీధిలో కృష్ణుడు ఆమె పాదాలను తన పాదాలతో అదిమి, రెండువేళ్లు గడ్డం కింద పెట్టి పైకెత్తి, మూడు వంకర్లూ తీర్చాడు. కవులందరూ ఆ క్షణాన్ని వర్ణించారు. మర్నాడు ఆమె అదే వీధిలో నడిచినప్పుడు, ముందటిరోజుదాకా నవ్వినవాళ్ల ముఖాలు యెట్లా వున్నవో, వాళ్లను చూచి ఆమెకు యేమనిపించిందో యెవరు అడిగారు?

అయితే సమాజం సంగతి నేను చెప్పింది అబద్ధమా అంటే, కాదు. ఉదయగిరి ప్రాంతంలోనే దానికి నిదర్శనం వుంది. మెట్టప్రాంతపు బోరునీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ యెక్కువ. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు యెముకలను యేంచేస్తాయో 1937లోనే షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ పరీక్షించి ప్రకటించారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ పెట్టిన హద్దు. పంటిమీది గచ్చు తయారయ్యే పసివయస్సులో ఆ నీళ్లు తాగితేనే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. అందువల్ల సముద్రతీరపు వూరినుంచి కోడలుగా వచ్చిన తల్లికి పళ్లు తెల్లగానే వుంటాయి. ఆమె కన్నపిల్లల పళ్లు గారపడతాయి. యింటిల్లిపాదికీ వీధివీధికీ అదే రంగు వున్నవూళ్లో యే పిల్లవాడూ నోరు మూసుకుని నవ్వడు. ఆ పిల్లవాడే నెల్లూరుకు చదువుకు వెళ్లిన మొదటివారంలో మూసుకోవటం నేర్చుకుంటాడు. పళ్లు మారలేదు, చుట్టూ వున్న కళ్లు మారినవి. సిగ్గు పంటిలో పుట్టదు, యెదుటివాడి కంట్లో పుట్టి పంటికి అంటుకుంటుంది.

యిక్కడ సమాజాన్ని మార్చమనే మాట అక్షరాలా సరైనది. మంచినీళ్లు యివ్వటం సర్కారు బాధ్యత, యిప్పించుకోవటం ప్రజల వుద్యమం. కాని రేపు మంచినీళ్లు వచ్చినా, యివాళ్టి కుర్రవాడి పళ్ల మచ్చ పోదు. వాడు వైద్యుణ్ణి అడిగితే, "ముందు నీళ్లకోసం పోరాడు" అని పంపివేయటం న్యాయమా? పోరాటం అందరిదీ, పళ్లు వాడివి. నేను నా మేనకోడలి విషయంలో చేసింది అదే. అందరం పంచుకొని చెల్లించవలసిన బాకీని ఒక్క ఆడపిల్ల ముఖం మీద వసూలు చేయబోయాను.

దీనికి ఒక ఆక్షేపణ వుంది. యిట్లా ఒప్పుకుంటూపోతే రేపు ప్రతివాడూ ముక్కో మూతో కోయించుకుని సంత కోరిన అచ్చులో పడడా? కోరికలో సంత ప్రేరణ యెంత, నొప్పి యెంత అని యెట్లా విడదీస్తాం? విడదీయలేం. కొరకటానికి పళ్లు కలవాలనీ, వీధిలో తలయెత్తుకు నడవాలనీ ఆమెకు ఒకేసారి కావలసివచ్చింది. యే మనిషి కోరికా వడకట్టిన నీళ్లలాగా వుండదు. మన కోరికలు వడకట్టకుండానే మనకు చెల్లుబాటు అవుతున్నవి గదా! అందువల్ల అడగవలసింది కోరిక శుద్ధమైనదా అని కాదు. ఆ నిర్ణయం యెవరిదని అడగాలి. పెళ్లివారి కోసం బలవంతాన దవడ కోయించినా అన్యాయమే, సిద్ధాంతం కోసం కోయించుకోవద్దని నిర్బంధించినా అన్యాయమే. సంతతో మన తగాదా సంతతోనే తేల్చుకోవాలి.

మొదటి ప్రశ్నకు నా జవాబు యిది. ముఖం మోసేవాడిది. చూచేవాళ్లకు దానిమీద హక్కు లేదు, బాధ్యత మాత్రం వుంది. ఆ బాధ్యత అవ్వ యెరుగును. ఆమె గడ్డం తడిమింది మనిషికి వెలకట్టటానికి కాదు, తనవాళ్లను వెతుక్కోవటానికి. తర్వాత ఆ అవ్వే మనవరాలికి చెంచాతో అన్నం పెడుతూ, "యిదీ బాగానే వుందిలే, బాగా నమిలి తిను" అన్నది. నేను విన్నంతలో పాతముఖాన్ని కించపరచకుండా కొత్తముఖాన్ని అంగీకరించిన మాట అదొక్కటే.

నెల్లూరులో ఆ అమ్మాయి గదిలో పదవతరగతినాటి ఫొటో గోడకు వుంది. వంకరదవడ, బిగించిన పెదవులు. ఆ ఫొటో తీసివెయ్యరాదా అని వచ్చినవాళ్లు సలహా యిస్తుంటారట. యివ్వటంలో వాళ్లకు చెడువుద్దేశం లేదు. ఆమెను వుపన్యాసంతో ఆపబోయిన నాడు నాకూ లేదు. ఆమె తియ్యలేదు. మొన్న వెళ్లినప్పుడు నేను ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాను. అయిదేళ్లు మా యింట్లో తిరిగిన పిల్లను ఆనాడు సరిగా చూడలేదు. యిప్పుడైనా చూడాలనిపించింది.