దారి అడగడం, దారి ఇవ్వడం: ఏది ధర్మం?

లంకకు వెళ్లే ముందు రాముడు సముద్రాన్ని దారి అడిగిన ఘట్టం మనందరికీ తెలుసు. మన ఊళ్లల్లో నడిచే బాట పంచాయితీలకి ఆ కథలో మంచి జవాబు ఉంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు సొంతూరు ఉన్నవాళ్లకి ఈ గొడవ కొత్త కాదు. తాతల నాడు అంతా ఒకటే భూమి. తర్వాత అన్నదమ్ములు పంచుకున్నారు. రోడ్డు పక్క ముక్క ఒకరికి, లోపలి ముక్క ఇంకొకరికి. అప్పుడు ఎడ్లబండి పోయేంత జాగా ఉంటే చాలు. ఇప్పుడు వరి కోయడానికి హార్వెస్టర్ పోవాలి, పసుపు తేవడానికి ట్రాక్టర్ పోవాలి. భూమి రేట్లు కూడా పెరిగాయి. ఒకరోజు బాటకి అడ్డంగా కంచె పడుతుంది. పంట లోపలే ఉండిపోతుంది.

"నా పట్టా భూమి, నా ఇష్టం" అనే మాట పూర్తిగా తప్పేం కాదు. బాటకి పోయేది ఆయన భూమే. పైగా, ఇవాళ జాలిపడి పోనిస్తే రేపు హక్కు అంటారేమో అని భయం. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం 20 ఏళ్లు బహిరంగంగా, ఆటంకం లేకుండా, హక్కుగా వాడుకున్న దారి హక్కే అవుతుంది. కానీ అనుమతి అడిగి నడిచిన దారి అలా హక్కుగా మారదు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, యాక్సెస్ ఇచ్చినంత మాత్రాన ఓనర్‌షిప్ పోదు. ఆ మాట కాగితం మీద రాసుకుంటే ఇచ్చేవాళ్ల భయం తీరుతుంది.

ఇప్పుడు రాముడి దగ్గరికి వద్దాం. సముద్రాన్ని ఎండగట్టే బాణం ఆయన చేతిలో ఉంది. అయినా మూడు రోజులు దర్భల మీద పడుకుని దారి అడిగాడు. తన అవసరం ఎంత పెద్దదైనా, అవతల ఉన్నది ఇంకొకరి చోటు అని ఆయనకి తెలుసు. జవాబు రాకపోతేనే విల్లు ఎత్తాడు. కాబట్టి కోర్టుకి పోవడం అధర్మం కాదు. కానీ అది అడిగి, ఓపికపట్టి, ఇక వేరే మార్గం లేనప్పుడు వేసే అడుగు. మనం మాత్రం మొదటి రోజే వకీలుకి ఫోన్ చేస్తున్నాం.

ఇంకో విషయం చూడండి. చివరికి నలుడితో వారధి కట్టించమని దారి చూపించింది సముద్రుడే. చట్టం కూడా దాదాపు ఇదే అంటుంది. పంపకాల వల్ల వేరే దారే లేకుండా పోయిన భూమికి అవసరపు దారి ఇవ్వాలి. అది ఎటు నుంచి పోవాలో చూపించే అవకాశం మాత్రం భూమి యజమానిదే, అవతలివాళ్లకి సరిపడా వీలుగా ఉంటే చాలు. అంటే ఇచ్చేవాళ్ల గౌరవం ఎక్కడికీ పోదు. వారధి వేసినందుకు సముద్రం తగ్గిపోలేదు కదా!

సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న దుర్యోధనుడికి చివరికి ఏం మిగిలింది? కోర్టులో కేసు ఏళ్లకేళ్లు నడుస్తుంది. ఈలోపు అన్నదమ్ముల పిల్లలు ఒకరి పెళ్లికి ఒకరు పోవడం మానేస్తారు. రేపు ఆ భూములు వచ్చేది మన పేరు మీదికే. హైదరాబాద్‌లో కూర్చుని "కేసు వేద్దాం నాన్నా" అనే ముందు, చిన్నాయనకి ఒక్క ఫోన్ చేసి, దారి అడిగి చూద్దాం.

జై శ్రీరామ్.