పొరుగూరి చలానా

వాక్యభాగం: మత్తయి 17:24–27, అపొస్తలుల కార్యములు 16:35–40

ఒంగోలు నుంచి హైదరాబాద్ పెళ్లికి వెళ్లొచ్చిన కొన్నాళ్లకు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద అతివేగం. జరిమానా 1,000, యూజర్ ఛార్జీ 35. ఇంట్లో వెంటనే రెండు పార్టీలు లేస్తాయి. కట్టేసి వదిలించుకోమంటారు ఒకరు. పక్క రాష్ట్రం వాళ్లు మనల్నేం చేస్తారు, ఆగితే డిస్కౌంటు ఇస్తారంటారు ఇంకొకరు. ఆ మాట ఉత్తదేం కాదు. 2023 డిసెంబరులో తెలంగాణలో పెండింగ్ చలానాల మీద కార్లకు 60 శాతం, బైకులకు 80 శాతం తగ్గించారు.

ముందు చలానాతో వచ్చిన ఫొటో తెరిచి చూడండి. నంబరు ప్లేటు, తేదీ, టైము, వేగం అన్నీ ఉంటాయి. కారు మీదే, ముహూర్తం మించిపోతోందని యాక్సిలరేటర్ తొక్కిన మాటా నిజమే అయితే ఇక ఆలోచించేదేముంది? ఈ రోజే కట్టేయండి. డిస్కౌంటు కోసం కాచుక్కూర్చోవడం నాకైతే నచ్చదు.

చిక్కంతా తప్పు మనది కాదనిపించినప్పుడే. కపెర్నహూములో దేవాలయం కోసం అరషెకెలు పన్ను వసూలు చేసేవాళ్లు పేతురును అడిగారు. తండ్రి ఇంటికి కుమారులు ఆ పన్ను కట్టనక్కర్లేదని యేసు ఇంట్లో పేతురుకు తేల్చి చెప్పాడు. చెప్పి కూడా, వాళ్లకు అభ్యంతరం కలగకూడదని అతణ్ణి గాలం వేయమని పంపాడు. చేప నోట్లో దొరికే షెకెలు ఇద్దరికీ సరిపోతుంది. కెమెరా లెక్క ఒకటి రెండు కిలోమీటర్లు ఎక్కువ చూపించిందేమోనన్న అనుమానం తప్ప చేతిలో మరే ఆధారమూ లేనప్పుడు నాకు ఈ కథే గుర్తొస్తుంది. అక్కడ నొచ్చేది మన అహం ఒక్కటే.

అలాగని తప్పు లేకపోయినా కట్టేయడమే భక్తి అనుకోనక్కర్లేదు. పౌలు, సీల ఫిలిప్పీకి పొరుగూరివాళ్లు. విచారణ లేకుండానే కొట్టించి చెరసాలలో వేశారు. తెల్లారేసరికి, వెళ్లిపొమ్మని కబురొచ్చింది. దులుపుకుని వెళ్లిపోతే సరిపోయేది. పౌలు కదల్లేదు, రోమా పౌరులను బహిరంగంగా కొట్టించి, ఇప్పుడు గుట్టుగా పంపిస్తారా, వాళ్లే వచ్చి తీసుకెళ్లాలన్నాడు. న్యాయాధిపతులు వచ్చి బతిమాలుకున్నారు. ఆ తరువాత ఆయన నేరుగా ఆ ఊరి విశ్వాసి లూదియ ఇంటికి వెళ్లి, సహోదరులను ఆదరించి, అప్పుడు ఊరు విడిచాడు. వెళ్లిపోయేవాడు పౌలు. ఆ ఊళ్లో ఉండిపోయేది లూదియ, ఆ రాత్రే బాప్తిస్మం తీసుకున్న చెరసాల నాయకుడు. రేపు ఏ అధికారైనా వాళ్ల మీద చెయ్యెత్తేముందు ఆలోచించుకోవాలి కదా.

మీ తెల్ల కారు నంబరు ఫొటోలో నల్ల కారుకు ఉంటే కట్టకండి. దొంగ నంబరుతో తిరిగేవాడు రేపు ఎవరినైనా గుద్దితే ఆ పాపం మీ నంబరు మీదికే వస్తుంది. పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, ఆర్‌సీ, కారు ఫొటో జతచేయండి. కెమెరా నిఘా ఉన్న రోడ్డుకు ముందు హెచ్చరిక బోర్డు కనబడేలా ఉండాలని, నోటీసు 15 రోజుల్లో పంపాలని 2021లో సవరించిన కేంద్ర నిబంధనలు చెప్పాయి. బోర్డు చెట్టు కొమ్మల్లో దాక్కుంటే అదీ రాయండి. వర్చువల్ కోర్టుకు వెళ్లిన చలానాను కాదంటే కేసు ఆ ఊరి మామూలు కోర్టుకు చేరుతుంది. తిరగాల్సి వస్తే ఖర్చు 1,035 దాటిపోతుంది, నిజమే. ఆ దారిన రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లను కూడా ఆ లెక్కలో వేసుకోండి.

ప్రార్థన: ప్రభువా, ఈ చలానాలో నా తప్పెంతో నాకు చూపించు. నాదైతే సాకులు వెతక్కుండా కట్టించు. కాకపోతే అడిగే ధైర్యమివ్వు. అడిగేటప్పుడు ఎదురుగా ఉన్న కానిస్టేబుల్ మీద నోరు జారనివ్వకు. ఆమేన్.