మన సమయంలో బిడ్డల వాటా



సంతానం అల్లాహ్ మనకు ప్రసాదించిన కానుక మాత్రమే కాదు, మన వద్ద ఉంచిన అమానతు కూడా. వారి తిండికీ, బట్టకూ, ఫీజులకూ మనం రెక్కలు ముక్కలు చేసుకుంటున్నాం. మరి మన సమయంలో వారికి ఎంత వాటా ఇస్తున్నాం?

జగిత్యాల, కోరుట్లలో ఎందరో తండ్రులు దుబాయి, మస్కట్, సౌదీలకు బతుకుదెరువుకు వెళ్లారు. ఏళ్ల తర్వాత సెలవు మీద వస్తే పసిబిడ్డ అబ్బాను గుర్తుపట్టక దాదీ కొంగు చాటున దాక్కుంటుంది. సిరిసిల్లలో పన్నెండు గంటలు సాంచెల దగ్గర నిలబడిన తండ్రికి ఇల్లు నిద్రకే సరిపోతుంది. బీడీల చాట ముందు కూర్చున్న తల్లికి తల ఎత్తే తీరికుండదు. ఇది హలాల్ సంపాదన కోసం పడే కష్టం, దీనికి తప్పక పుణ్యం ఉంది. అయితే బిడ్డల హక్కు సంపాదనతోనే తీరిపోదు.

దైవప్రవక్త (స) ఒకసారి దారిన వెళుతూ, మేక తోలు ఒలవడం సరిగా రాని ఒక కుర్రవాణ్ణి చూశారు. అతన్ని పక్కకు జరగమని, తోలుకూ మాంసానికీ మధ్య స్వయంగా చంకదాకా చేయి దూర్చి, ఎలా ఒలవాలో చూపించారు. ఆ తర్వాతే నమాజు చేయించడానికి వెళ్లారు. అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనంగా ఇది అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఉమ్మత్ భారమంతా మోసేవారే ఒక పిల్లవాడికి పని నేర్పడానికి ఆగారు!

ఆయన పోషణలో పెరిగిన ఉమర్ బిన్ అబీ సలమా (రజి) భోజనపు మర్యాద ఆయన పక్కన కూర్చుని తింటూనే నేర్చుకున్నారు, జీవితాంతం దాన్ని పాటించారు. కలిసి కూర్చోకపోతే ఆ పాఠం ఎక్కడిది?

పిల్లలకు మాట మాటలతోనే వస్తుంది, పని పక్కనుండి చూపిస్తేనే వస్తుంది. కనుక గల్ఫ్‌లో ఉన్న తండ్రి ఫోనులో మార్కులు అడిగి ఊరుకోకూడదు. ఈరోజు నేర్చిన సూరా వినిపించమనాలి, పాఠం చెప్పించుకోవాలి. తల్లి బిడ్డ చేతికి కత్తెర, తంబాకు ఇవ్వకూడదు. వెయ్యి బీడీల రేటు చెప్పి, వారం కూలి ఎంతో లెక్క కట్టించాలి. సాంచెల తండ్రి సెలవునాడైనా బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ఉర్దూ వాక్యాలు, నాలుగు తెలుగు వాక్యాలు చదివించాలి.

డబ్బు రేపు సంపాదించవచ్చు. బాల్యం మాత్రం మన కోసం ఆగదు. మన అధీనంలో ఉన్నవారి గురించి ప్రళయదినాన మనల్ని ప్రశ్నించడం ఖాయం.

ఈ అమానతును సక్రమంగా నెరవేర్చే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.