సంతకం ఎవరిది?

మా పాపకి పదేళ్లు నిండాయి. పిల్లల డాక్టరు హెచ్.పి.వి. టీకా అంగీకార పత్రం చేతిలో పెట్టి, ఇంట్లో మాట్లాడుకుని రమ్మన్నారు. మా ఇంట్లో మాట్లాడుకోవడమంటే ఏమిటో పాపం ఆవిడకి తెలియదు.

"అది అలాంటి జబ్బుకి కదా, ఇంత చిన్నపిల్లకెందుకు?" అంది మా ఆడపడుచు. అలాంటిదంటే ఎలాంటిదో ఆమె చెప్పదు, మనం అడగకూడదు. లైంగిక సంపర్కంతో సోకే వైరస్ అనేసరికి టీకా కూడా శీలపరీక్ష అయిపోతుంది. వైరస్ సోకకముందే వేస్తే బాగా పనిచేస్తుందనీ, అందుకే 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయమంటారనీ చెప్పాను. విన్నది, నమ్మలేదు. నా సహచరుడు మాత్రం మహా ప్రజాస్వామికంగా "నీ ఇష్టం, నువ్వే చూడు" అన్నాడు. రేపు ఏదైనా అయితే నింద కూడా నాదే కదా!

నిజానికి ఈ ఇంట్లో టీకాకి అడ్డం వాళ్లెవరూ కాదు, నేనే.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి ఈ వైరస్ టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. చాలామంది ఆదివాసీ పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలతో ఉన్నాయని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక బయటపెట్టింది. అక్కడ ఐదుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది.

స్త్రీల శరీరం, సమ్మతి గురించి క్లాసులో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా నేను ఈ ఉదంతమే చెప్పేదాన్ని. అందుకే ఆ కాగితం చేతిలో పెట్టుకుంటే నాకు వార్డెన్ సంతకమే కనిపించింది. నెల్లాళ్లు పుస్తకంలో పెట్టేశాను.

ఒకరోజు వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మా అత్తగారు వాళ్ల అక్క సంగతి ఎత్తారు. "తెల్లబట్ట అవుతోందని ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదమ్మా. పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికే చెయ్యి దాటిపోయింది. చివర్లో ఆ వాసనకి కన్నపిల్లలే గదిలోకి వెళ్లేవాళ్లు కాదు. నేనే కడిగేదాన్ని. ఆ సూది మా అక్కకి వేసి ఉంటే?"

నా దగ్గర జవాబు లేదు. 2020 అంచనాల్లో మన దేశంలో ఒక్క ఏడాదిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయిన స్త్రీలు 77,000 మందికి పైనే. ఆ అంకె నాకు తెలుసు. ఆ గది తెలియదు.

భద్రాచలంలో జరిగిన తప్పు పిల్లల్నీ వాళ్ల తల్లిదండ్రుల్నీ లెక్కలోకి తీసుకోకపోవడం. నేను ఆ తప్పుని సిరంజిలోకి ఎక్కించేశాను. చదువుకునే, ప్రశ్నించే, కాదనే వీలున్న నా బిడ్డకి టీకా మానిపిస్తే, ఆ వీలు లేని పిల్లలకి ఏ న్యాయం జరుగుతుంది? వాళ్లకి జరిగిన అన్యాయాన్ని నా భయానికి సాక్ష్యంగా వాడుకున్నాననిపించి సిగ్గేసింది. పైగా ఈ నెల్లాళ్లలో నేనూ మా పాపని ఒక్క మాట అడగలేదు.

అడిగాను. పదేళ్ల పిల్ల "సరే" అంటే అది సమ్మతేనా అన్నది నాకింకా తేలలేదు. కాదేమో. అయినా చెప్పడం బాకీ. వైరస్ ఎలా సోకుతుందో దానికి అర్థమయ్యే మాటల్లో చెప్పాను, రెండుసార్లు తడబడ్డాను కూడా. అంతా విని "నొప్పెడుతుందా? అబ్బాయిలకి వెయ్యరా?" అంది. కొన్ని దేశాల్లో వేస్తారన్నాను. మన ఇంట్లో ఆడవాళ్లమే ఎందుకు పోట్లాడుకుంటున్నామో అని మాత్రం అడగలేదు, అదృష్టం.

"నీకు వేశారా మరి?"

"మా చిన్నప్పుడు లేదు. మా వయసువాళ్లం పరీక్ష చేయించుకోవాలి."

"చేయించుకున్నావా?"

ముప్ఫై ఎనిమిదేళ్లు నాకు. స్త్రీల శరీర రాజకీయాల మీద ఎన్ని వ్యాసాలు రాశానో. ఆ పరీక్ష ఒక్కసారి కూడా చేయించుకోలేదు.

శనివారం ఇద్దరికీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మా అత్తగారు కూడా వస్తానన్నారు. ఆడపడుచుకి ఇంకా చెప్పలేదు.