తక్కువ వ్యయము, తక్కువ పరిగ్రహము ఒకటియేనా?

శ్రావకునకు విధింపబడిన అయిదు అణువ్రతములలో చివరిది పరిగ్రహ పరిమాణము. ఇల్లు, పొలము, ధనము, ధాన్యము, వస్త్రములు మున్నగువానికి ఒక హద్దు ఏర్పరచుకొని, ఆ హద్దులోనే జీవించుట దాని భావము. ఈ కాలమున వీపున ఒక్క సంచి తగిలించుకొని, అతి స్వల్పమైన ఖర్చుతో దేశదేశములు తిరుగు దంపతులను చూచి, వీరే నిజమైన అపరిగ్రహులని కొందరు మెచ్చుకొనుచుందురు. వట్టి లోభులని మరికొందరు తీసివేయుచుందురు. రెండును తొందరపాటు మాటలే. సంచి బరువును బట్టి వ్రతము తేలదు. తగ్గిన ఖర్చు ఎవరి లెక్కలో తగ్గినదో చూడవలెను.

ఇందుకొక దృష్టాంతము. ఇటలీ దేశపు వాయవ్య తీరమున, లిగూరియా ప్రాంతములో, చింక్వె తెర్రె అను అయిదు గ్రామములు వరుసగా కలవు. ఆ పేరునకు అయిదు భూములని అర్థము. వానిలో మొంతెరొస్సో ఇసుక తీరము గల చిన్న ఊరు. నివాసులు పదిహేను వందలకు లోపే. రోము నుండి ఫ్రాన్సునకు పోవు దంపతులిద్దరు ఒక రాత్రి విశ్రమింపదలచి ఇచ్చట రైలు దిగిరనుకొనుడు. చేతిలోని సొమ్ము స్వల్పము.

వారు మానుకొనదగినవి చాల కలవు. గొడుగు, పడక కుర్చీ అద్దెకిచ్చు తీరభాగమును విడిచి, అందరికిని ఉచితమైన ఇసుకలో కూర్చుందురు. సీసా నీరు కొనక ఊరి కొళాయి వద్ద నీరు పట్టుకొందురు. పెద్ద భోజనశాలకు పోక, ఫరినాతా అను తినుబండారము కొని తిందురు. శనగపిండి, నీరు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి వెడల్పు పళ్లెములో కాల్చునది అది. ఉల్లి వేయనిదైనచో నియమము గల శ్రావకునకును అభ్యంతరము లేదు. జూన్ నెలలో అచ్చట గడియారము తొమ్మిది దాటినగాని సూర్యుడస్తమింపడు గనుక, పగలే భుజించు నియమమును కష్టము కాదు. ఈ తగ్గింపులలో ఒక్కటియు పరుల సొత్తును తాకలేదు. తగ్గినది కోరిక మాత్రమే. ఇది వ్రతమునకు దగ్గర.

ఇక రెండవ విధమైన తగ్గింపు. కాగితపు టిక్కెట్టుపై ప్రాంతీయ రైలెక్కువారు ముందుగా యంత్రములో ముద్ర వేయించుకొనవలెను. తనిఖీ జరుగకున్న మరొక ప్రయాణమునకు పనికివచ్చునని ముద్ర వేయకుండుట ఒకటి. మొంతెరొస్సో నుండి వెర్నాజ్జాకు కొండ అంచున పోవు కాలిబాటకు రుసుము కలదు. కావలివారు లేనివేళ దూరిపోవుట మరొకటి. ఇటలీలో చాల ఊళ్లలో బసచేయువారి నుండి రాత్రికింత అని పన్ను గైకొందురు. గది అద్దెకిచ్చు ఇల్లాలు, రసీదు వద్దన్నచో కొంత తగ్గింతునని అడిగినప్పుడు సరేయనుట ఇంకొకటి. మిగిలిన సొమ్ము రెండు విధములలోను ఒక్కటే. సంచి బరువును ఒక్కటే. అయినను ఇచ్చట తగ్గినది పరులకు చెల్లవలసినది.

ఆ చెల్లింపు దేనికని అడుగవచ్చును. ఆ గ్రామముల వెనుకనున్న నిట్రమైన కొండలను పూర్వులు మెట్లుగా చెక్కి, సున్నము లేకుండ రాతిపై రాయి పేర్చి గోడలు కట్టి, ద్రాక్ష పండించిరి. ఈ శ్రమను గుర్తించియే యునెస్కో 1997లో ఆ సీమను ప్రపంచ వారసత్వముగా ప్రకటించినది. 1999లో అది జాతీయ వనమైనది. సేద్యము విడిచినచోట గోడ కూలును. గోడ కూలినచోట మన్ను జారును. 2011 అక్టోబరు 25న కుండపోత వానకు బురద పారి మొంతెరొస్సో, వెర్నాజ్జా వీధులను కప్పివేసినది, ప్రాణనష్టమును జరిగినది. రియోమజ్జోరె, మనరోలా గ్రామముల నడుమనున్న బాట 2012లో రాళ్లు పడుటచే మూతబడి, 2024లోగాని పూర్తిగా తెరువబడలేదు. ఉచితముగ చూచితినని యాత్రికుడు సంతోషించు దృశ్యమును ఎవరో చేతులారా నిలిపియుంచుచున్నారు. బాటల సంరక్షణకు ఆ రుసుము తోడ్పడుచున్నది.

తత్త్వార్థ సూత్రమున అచౌర్య వ్రతమునకు చెప్పబడిన అతిచారములలో రెండు ఇచ్చట స్మరింపదగినవి: రాజ్యపు కట్టుబాటును దాటుట, తూకములందు కొలతలందు హెచ్చుతగ్గులు చేయుట. తక్కెడ మోసము అమ్మువానికే చెల్లునని లోకము తలచును. కొనువాడును చేయగలడు. పూర్తి సరుకు పుచ్చుకొని వెల కొంత ఎగవేసినవాడు కాటాను తనవైపు వంచినవాడే.

లక్షలమంది వచ్చుచోట రెండు టిక్కెట్లు ఒక లెక్కయా అని ఆక్షేపింపవచ్చును. ప్రతి పొట్లములో చిటికెడు తగ్గించు అంగడివాడును అదే మాట అనును. రసీదు లేని బేరమున ఇరువురి సమ్మతి కలదుగదా అనవచ్చును. ఆ ఊరు అనెడు మూడవ పక్షము అచ్చట లేదు. దాని సమ్మతి ఎవరును అడుగలేదు.

అట్లయిన పేదవాడు ప్రయాణమే చేయరాదా? ఇది బరువైన ప్రశ్న. కొలనుపాక, శ్రవణబెళగొళ వంటి క్షేత్రములలో ధర్మశాల స్వల్పమైన వెలకు దొరకుచున్నదన్న, మిగిలిన వెలను ఏ దాతయో ముందే చెల్లించెను. ఇష్టపడి ఇచ్చినదానిని వినయముతో పుచ్చుకొనుటలో దోషము లేదు. గది శుభ్రపరచి, శక్తికొలది భండారమున వేసిపోవు యాత్రికుడు ఋణపడడు. ఇవ్వనిదానిని తీసికొనుటయే దోషము. సొమ్ము చాలనప్పుడు దిగ్వ్రతము దారి చూపుచున్నది: దూరమునకును హద్దు పెట్టుకొనవచ్చును. రెండు రాత్రులకు న్యాయముగ చాలని ధనముతో ఒక్క రాత్రి ఉండి పోవలెను. బాట రుసుము భారమైనచో తీరమున కూర్చుండి సముద్రము చూడవలెను. ప్రయాణమును కురచ చేయవచ్చును. పరుల బాకీని కురచ చేయరాదు.

వస్తువుపై గల మమకారమే పరిగ్రహమని ఆచార్యుల నిర్ణయము. తప్పించుకొన్న అయిదు యూరోలను తలచి మురియు మనస్సున ఆ మమకారము నిండుగా నున్నది. కొళాయి నీరు త్రాగి, శనగపిండి రొట్టె తిని, చెల్లవలసినది చెల్లించి తెల్లవారి రైలెక్కిన దంపతుల వీపున ఒక్క సంచియే యుండును. వారిని అపరిగ్రహులని పిలుచుట అప్పుడు తగును.